షాస్పో తుపాకీ మీద గీతలు

జీవరత్నం ఐర్లండ్‌లోని మా వాటర్‌ఫోర్డ్ చర్చిలో ఎప్పుడూ వెనక వరసలో కూర్చుంటాడు. యాభై రెండేళ్ళుంటాయి. సొంత ఊరు రేపల్లె. భార్య లీలారాణి ఇక్కడి పెద్దాసుపత్రిలో నర్సు. ఆవిడ ఉద్యోగం మీదే కుటుంబమంతా ఈ దేశం వచ్చింది. వచ్చిన కొత్తలో అతనికి పని దొరకలేదు. తర్వాత కేరర్ కోర్సు చేసి ఒక ఏజెన్సీలో చేరాడు. ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళను లేపడం, స్నానం చేయించడం, మందులు గుర్తుచేసి వేయించడం, టీ పెట్టి నాలుగు మాటలు మాట్లాడి రావడం అతని పని.

నిజానికి అతను వడ్రంగి. తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. ఏటా ఎండాకాలం సెలవుల్లో మిషన్ బడి బల్లలన్నీ వాళ్ళ చేతికే వచ్చేవి. ఏడాది పొడుగునా పిల్లలు బ్లేడులతో, కాంపాసు మొనలతో బల్లల మీద పేర్లు చెక్కేవాళ్ళు. తండ్రీకొడుకులు ఆ గాట్లకు లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, లక్క పాలిష్ వేసి కొత్తవాటిలా చేసి ఇచ్చేవాళ్ళు. జూన్‌లో బడి తెరిచిన రోజు హెడ్‌మాస్టరు బల్ల మీద చెయ్యి రాసి, "అద్దంలా ఉందయ్యా" అనేవాడు. ఆ మాట కోసమే తండ్రి నెలంతా చెమటోడ్చేవాడని జీవరత్నం అంటాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగిన తప్పు అతను చెడ్డపని చేద్దామని చేసింది కాదు. తనకు బాగా తెలిసిన మంచిపని అనుకునే చేశాడు.

ఏజెన్సీవాళ్ళు అతన్ని ట్రామోర్ రోడ్డులో ఉండే డెక్లన్ ఫేలన్ అనే ఆయన ఇంటికి పంపారు. ఎనభై రెండేళ్ళ మనిషి. పెళ్ళి చేసుకోలేదు. నలభై ఏళ్ళు గాజు కర్మాగారంలో పనిచేశాడు. తిరిగే చక్రానికి గాజుగిన్నె ఆనించి పువ్వులూ గళ్ళూ కోయడం ఆయన పని. ఇప్పుడు చూపు నడిమధ్యలో పోయింది. "ఎదురుగా నిలబడ్డవాడి చెవులు కనిపిస్తాయి, మొహం కనిపించదు" అనేవాడు. మొదట్లో జీవరత్నం సార్ అని పిలిస్తే ఒప్పుకోలేదు. "సార్ అంటే మా ఫోర్‌మన్. వాడు పోయాడు. నేను డెక్లన్‌ని" అన్నాడు. అంత పెద్దాయన్ని పేరుపెట్టి పిలవడానికి నోరు రాక, జీవరత్నం కొన్నాళ్ళు ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చాడు.

ఆ ఇంటి ముందుగదిలో, చలిమంట గూడు పైన, గోడకు ఒక పొడవాటి తుపాకీ అడ్డంగా ఉండేది. మొదటిరోజే చూసి అతను భయపడ్డాడు.

"దీనికి లైసెన్సు అక్కర్లేదా? పోలీసులు వస్తే?"

డెక్లన్ నవ్వాడు. "దానికి తూటాలు చుట్టేవాళ్ళు చచ్చి వందేళ్ళు దాటింది జీవా. రా, కూర్చో."

ఆ రోజు నుంచి టీ తాగినప్పుడల్లా ఆ తుపాకీ చరిత్ర కొంచెం కొంచెం చెప్పేవాడు. దాని పేరు షాస్పో. కనిపెట్టినవాడి పేరే తుపాకీకి పెట్టారు. 1866లో ఫ్రాన్సు సైన్యం దాన్ని తీసుకుంది. అంతకుముందు సిపాయిలు గొట్టం మూతిలోంచి మందు కూరేవాళ్ళు. దీనికి వెనకనుంచే తూటా పెట్టొచ్చు. నేలమీద పడుకునే తూటా పెట్టి కాల్చొచ్చు. తూటా పైపొర కాగితమే. మీట నొక్కితే సన్నని పొడవాటి సూది ఆ కాగితంలో దిగబడి మందు అంటించేది. వెనకనుంచి మంట చిమ్మకుండా ఒక రబ్బరు చుట్టు ఉండేది. చలికి ఆ రబ్బరు బిగుసుకుని పగిలేదట.

"1870 యుద్ధంలో ప్రష్యావాళ్ళ, అంటే జర్మన్ల, తుపాకీ కంటే ఇది రెట్టింపు దూరం కొట్టేది, తెలుసా?" అనేవాడు డెక్లన్.

"అయితే ఫ్రాన్సే గెలిచిందా?"

"లేదు. చిత్తుగా ఓడిపోయింది. మంచి తుపాకీ ఉంటే చాలదు. ప్రష్యావాళ్ళ ఫిరంగులు మంచివి, బుర్రలు ఇంకా మంచివి."

యుద్ధం అయ్యాక మూడేళ్ళకు కాగితం తూటాల కాలం పోయింది. ఫ్రాన్సువాళ్ళు ఈ తుపాకీల్లో చాలావాటిని ఇత్తడి తూటాలకు పనికొచ్చేలా మార్చుకున్నారు. డెక్లన్ ఇంట్లోది మాత్రం మారకుండా మిగిలింది. దానికి కారణం ఆయన ముత్తాత థామస్ ఫేలన్. 1870 అక్టోబరులో ఐర్లండ్ నుంచి కొన్ని వందలమంది గాయపడ్డవాళ్ళను మోసే దళమంటూ ఓడెక్కి ఫ్రాన్సు వెళ్ళారు. అక్కడ కొందరు స్ట్రెచర్లు వదిలి తుపాకీలు పట్టారు. థామస్ అందులో ఒకడు. మోంబెలియార్ అనే ఊరి దగ్గర మంచులో పోరాడి, వెనక్కి నడిచి, ప్రాణాలతో ఇల్లు చేరాడు. తుపాకీని ఎలా దాటించాడో ఇంట్లో ఎవరికీ తెలియదు.

డెక్లన్ ఇంత చెప్పినా ఒక సంగతి చెప్పలేదు. తుపాకీ మడమకు, అంటే భుజానికి ఆనించే చెక్కకు, కుడివైపు, ఫ్రాన్సువాళ్ళు కొట్టిన గుండ్రటి ముద్ర పక్కన, కత్తిమొనతో గీకిన అక్షరాలున్నాయి. అవి ఏమిటో చెప్పలేదు. జీవరత్నం వాటిని చూశాడు. రెండేసి అక్షరాలు, వంకరటింకరగా, మట్టిపట్టి నల్లబడి. ఏ కాలంలోనో ఇంట్లో పిల్లలు చేసిన ఆకతాయి పని అనుకున్నాడు. డెక్లన్ రోజుకోసారైనా ఆ గోడ దగ్గర నిలబడి, ఒక చెయ్యి గూటి అంచు మీద, ఇంకో చెయ్యి తుపాకీ మడమ మీద పెట్టి కాసేపు ఉండేవాడు. అదీ చూశాడు. తూలిపడకుండా పట్టుకున్నాడనుకున్నాడు.

రెండేళ్ళ కిందట ఫిబ్రవరిలో డెక్లన్‌కు ఛాతీలో నెమ్ము చేసి ఆసుపత్రిలో పెట్టారు. పన్నెండు రోజులున్నాడు. న్యూ రాస్‌లో ఉండే మేనకోడలు నోరీన్ ఫోన్ చేసి, అప్పుడప్పుడు వెళ్ళి ఇల్లు వెచ్చబెట్టి రమ్మని జీవరత్నాన్ని అడిగింది. తాళంచెవి అతని దగ్గరే ఉంది.

రెండో రోజు ఖాళీ ఇంట్లో నిలబడి తుపాకీ వైపు చూస్తుంటే అతనికి ఆలోచన వచ్చింది. చెక్క ఎండిపోయి, పాలిపోయి ఉంది. అక్రోటు చెక్క. అంత మంచి చెక్కను అతను రేపల్లెలో ఏనాడూ ముట్టుకోలేదు. ముసలాయన ఇంటికి వచ్చేసరికి దాన్ని మెరిపించి పెడితే ఎలా ఉంటుంది? ఈ దేశంలో అతన్ని చూసినవాళ్ళందరికీ అతను ఒళ్ళు తుడిచే మనిషి, మరుగుదొడ్డికి తీసుకెళ్ళే మనిషి. తన చేతుల్లో ఇంకో పని ఉందని ఒక్కరికైనా తెలియాలనిపించింది. ఆ కోరిక ఉన్నమాట అతను దాచడు. "ఆయన కోసం చేశానని చెప్పుకున్నాను. సగం నా కోసమే" అంటాడు.

పెరటి షెడ్డులో మూడు రోజులు పనిచేశాడు. ఇనుము జోలికి పోలేదు. తెలియని పనని భయం. చెక్కను మాత్రం మొదట ముతక కాగితంతో, తర్వాత మధ్యరకంతో, ఆఖరికి సన్నకాగితంతో రుద్దాడు. అక్షరాల గాట్లు పూర్తిగా అరిగేదాకా రుద్ది, మిగిలిన పల్లంలో రంగు కలిపిన లప్పం నింపి మళ్ళీ రుద్దాడు. గుండ్రటి ముద్ర కూడా సగం అరిగిపోయింది. అది మచ్చ అనుకుని మిగతా సగమూ తీసేశాడు. తర్వాత గుడ్డ ఉండతో లక్క పాలిష్ పూతమీద పూత ఇచ్చాడు. వర్షపు వెలుగులో ఆ చెక్క లోపలి రేఖలు చింతగింజ రంగులో తేలి వచ్చాయి. ఈ దేశం వచ్చాక అంత సంతోషంగా ఉన్న రోజులు ఇంకెప్పుడూ లేవంటాడు.

ఫోటో తీసి మా చర్చి వాట్సాప్ గుంపులో పెట్టాడు. మేమంతా మెచ్చుకున్నాం. నేనూ రాశాను, "బ్రదర్, దేవుడు మీ చేతులకిచ్చిన తలాంతు ఇది" అని.

డెక్లన్ ఇంటికి వచ్చిన రోజు జీవరత్నం ముందే వెళ్ళి మంట వేసి ఉంచాడు. చేతికర్రతో ముందుగదిలోకి నడిపించి, "గోడ మీద ఏముందో చూడండి" అన్నాడు.

"ఏముంది?"

"తుపాకీ. మీరు లేనప్పుడు బాగుచేశాను. పాలిష్ పెట్టాను."

డెక్లన్ నిలబడిపోయాడు. తర్వాత అలవాటైన చోటికి నడిచి, గూటి అంచు పట్టుకుని, రెండో చెయ్యి పైకి చాపాడు. వేళ్ళు మడమ మీదికి వెళ్ళాయి. ముందుకు జరిగాయి. వెనక్కి వచ్చాయి. మళ్ళీ ముందుకు జరిగాయి. చాలాసేపు అక్కడే తిరిగాయి. మెరుగు ఎంత నున్నగా వచ్చిందో చూస్తున్నాడని జీవరత్నం గుండె పొంగింది.

"గ్రాండ్" అన్నాడు డెక్లన్. కొంచెం ఆగి, "గ్రాండ్ జాబ్, జీవా" అన్నాడు. చెయ్యి దించేసి కుర్చీ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. ఆ పూట టీ వద్దన్నాడు. ఆసుపత్రి అలసట అనుకున్నాడు జీవరత్నం.

తర్వాత రెండు వారాలు ఆయన ఆ గోడ వైపు వెళ్ళలేదు. తుపాకీ మాట ఎత్తలేదు. అడిగినవాటికి మర్యాదగా జవాబు చెప్పేవాడు, అంతే. జీవరత్నం ఆయన ఒంట్లో ఇంకా నలతగా ఉందని ఏజెన్సీ పుస్తకంలో రాశాడు.

మార్చి మొదటి శనివారం నోరీన్ వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి, గలగలా మాట్లాడేది. వంటింట్లో జీవరత్నం అల్మరాలోంచి కప్పులు తీస్తున్నాడు. ఆవిడ ముందుగదిలోకి వెళ్ళింది. మాట ఆగిపోయింది. కాసేపటికి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొహం ఎర్రబడింది.

"ఆ తుపాకీని ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే. పాలిష్ పెట్టాను. బాగుందా?"

"పేర్లు ఏవి?"

"ఏ పేర్లు?"

"మడమ మీద. ఎనిమిదిమంది పేర్ల మొదటి అక్షరాలు. థామస్‌తో పాటు ఇక్కడి నుంచి వెళ్ళి మంచులో చచ్చిపోయినవాళ్ళు. వెనక్కి నడిచేటప్పుడు ఒక పశువుల పాకలో కూర్చుని కత్తితో చెక్కాడు. నూటయాభై ఏళ్ళ నుంచి ఈ ఇంట్లో పిల్లలందరికీ వేలు పట్టుకుని అవి చూపించేవాళ్ళు. డెక్లన్ మామయ్యకు కళ్ళు పోయాక రోజూ వేళ్ళతో…"

ముందుగదిలోంచి డెక్లన్ గొంతు వినిపించింది. "నోరీన్. వదిలెయ్. వాడికి తెలియదు."

జీవరత్నం చేతిలో రెండు కప్పులున్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తోచలేదంటాడు. గోడ దగ్గర ఆ వేళ్ళు ముందుకూ వెనక్కూ తిరగడం, "గ్రాండ్" అన్న మాట, ఆ రెండు వారాల మర్యాద, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. చెవులు కాలిపోయాయి. క్షమించమని అడగాలని తెలుసు. ముందుగదిలోకి వెళ్ళి ఆయన ముందు నిలబడే ధైర్యం లేక, పెరటి తలుపు తీసుకుని, టైము అయిందన్నట్టు బయటికి వచ్చేశాడు. షిఫ్టు ఇంకా నలభై నిమిషాలుంది.

మర్నాడు ఆదివారం. మా పాస్టరు గారు ప్రసంగంలో తలాంతుల మాట వచ్చినప్పుడు జీవరత్నం పేరు చెప్పారు. పరాయి దేశంలో ఒక ముసలాయన ఇంటి వారసత్వాన్ని ఈ సహోదరుడు తిరిగి నిలబెట్టాడన్నారు. అందరం వెనక్కి తిరిగి చూశాం. అతను తల వంచుకుని ఉన్నాడు. వినయం అనుకున్నాం.

సోమవారం పొద్దున్నే అతను ఏజెన్సీకి ఫోన్ చేసి, తనకు వెన్ను నొప్పిగా ఉందని, ట్రామోర్ రోడ్డు ఇంటికి వేరే మనిషిని పంపమని అడిగాడు. అబద్ధం. వెన్ను బానే ఉంది. తొమ్మిది రోజులు ఫెర్రీబ్యాంక్‌లో వేరే ఇంటికి వెళ్ళాడు. ఇంట్లో కూడా చెప్పలేదు. పదో రోజు ఆసుపత్రి కంటి వార్డులో లీలారాణికి నోరీన్ ఎదురుపడింది. మేనమామను పరీక్షకు తీసుకొచ్చింది. సంగతంతా అక్కడ బయటపడింది.

ఆ సాయంత్రం లీలారాణి యూనిఫాం కూడా మార్చుకోకుండా కూర్చుంది.

"ఏవండీ, మీ వెన్ను ఎలా ఉంది?"

అతను లేచి టీ పెట్టబోయాడు.

"ఆయన కొత్త మనిషితో స్నానం చేయనంటున్నాడంట. తొమ్మిది రోజుల్నుంచి. నోరీన్ ఏడుస్తా చెప్పింది. చూపులేని మనిషండీ. ప్రతి పూటా ఒక కొత్త చెయ్యి ఒంటి మీద పడతంటే ఎట్టా ఉంటదో మీకు తెలీదా?"

"నా మొహం ఆయనకెట్టా చూపించను లీలా?"

"ఆయనకి మీ మొహం ఎప్పుడు కనిపించిందండీ?" అంది ఆవిడ. తర్వాత గొంతు తగ్గించి, "చెక్క గోకింది తెలీక చేశారు. ఆయన్ని వదిలేసి వచ్చింది మాత్రం తెలిసే చేశారు. రెండోదానికి నేను కూడా మిమ్మల్ని వెనకేసుకు రాను" అంది.

ఆ మాట తనకు మొదటి తప్పు కంటే గట్టిగా తగిలిందంటాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి అతను ట్రామోర్ రోడ్డు ఇంటి తలుపు తీశాడు. డెక్లన్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు.

"వెన్ను ఎలా ఉంది?"

"వెన్నుకేమీ కాలేదు. సిగ్గేసి రాలేదు." తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన చెప్పుల మీద చూపు పెట్టి, మొత్తం చెప్పాడు. గీతలు కనిపించాయని, పిల్లల పని అనుకున్నానని, అడగాలని కూడా తోచలేదని. "మీకోసమని చేశాను. మెప్పు కోసం చేశాను. నన్ను క్షమించండి."

డెక్లన్ వెంటనే పరవాలేదు అనలేదు. అది జీవరత్నానికి ఇప్పటికీ మేలే అనిపిస్తుంది.

"చాలా కోపం వచ్చింది," అన్నాడు ముసలాయన. "ఆ రోజు నిన్ను బయటికి పొమ్మందామనుకున్నాను. నీ గొంతులో అంత సంతోషం ఉంది, అనలేకపోయాను. గ్రాండ్ అన్నాను. బాధగా ఉన్నా బాగుంది అనడం, ఈ దేశంలో మాకు అదొక జబ్బు. చెప్పి ఉంటే ఆ రోజే ఇద్దరం ఏడ్చేసేవాళ్ళం, అయిపోయేది."

"మళ్ళీ చెక్కమంటే చెక్కుతాను. అక్షరాలు చెప్పండి, అదే చోట…"

"వద్దు. నేను నలభై ఏళ్ళు గాజు కోశాను. ఒకడి చెయ్యి కోసింది ఇంకోడి చెయ్యి కోయలేదు. థామస్ చలికి వేళ్ళు వంగక కోసిన గీతలు అవి." తర్వాత, "అక్షరాలు చెబుతాను, రాసుకో. కాగితం మీద" అన్నాడు.

జీవరత్నం ఏజెన్సీ పుస్తకం వెనక అట్ట మీద రాశాడు. డెక్లన్ కళ్ళు మూసుకుని, దుప్పటి మీద వేలు కదుపుతూ చెప్పాడు. పి.కె., జె.ఎం., డబ్ల్యు.డి., ఎం.ఎచ్., మళ్ళీ ఒక జె.ఎం., ఆ ఇద్దరు జె.ఎం.లూ అన్నదమ్ముల పిల్లలు. తర్వాత టి.ఆర్., ఇ.బి.

"ఏడు" అన్నాడు జీవరత్నం.

డెక్లన్ వేలు దుప్పటి మీద ఆగింది. మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి కూడా. ఆఖరి పేరు చివరన, కింద అంచుకు దగ్గరగా ఉండేదట. రోజూ వేలికి తగిలేది. నోటితో ఎన్నడూ చెప్పుకోలేదు.

"నా వేలికి తెలుసు," అన్నాడు. "నోటికి తెలియదు."

నోరీన్‌కు ఫోన్ చేశారు. ఆవిడకు ఐదే గుర్తున్నాయి. జీవరత్నం తన ఫోన్‌లో వెతికాడు. పని మొదలుపెట్టకముందు తీసిన ఫోటో ఒకటుంది. ఎడమవైపుది. ఆ వైపు చెక్క శుభ్రంగా ఉంది.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో, అంటే ఎవరి అనుభవం వాళ్ళు లేచి చెప్పుకునే వేళ, అతను లేచి ముందుకు వచ్చాడు. ఎప్పుడూ రానివాడు. మేము మెచ్చుకున్న పని ఏమిటో, దానివల్ల ఏం పోయిందో, తర్వాత తను ఎలా పారిపోయాడో చెప్పాడు. ఎనిమిదో మనిషి అక్షరాలు ఇంక ఎవరికీ తెలియవని చెప్పి వెళ్ళి కూర్చున్నాడు. బయటికి వచ్చాక మా భానుమతి ఆంటీ అతని భుజం తట్టి, "పోనీలే బాబూ, చెక్కేగా" అంది. మంచి మనసుతోనే అంది. అతను తల ఊపాడు గాని, ఆ తర్వాత చాలా వారాలు చర్చిలో ఎవరితోనూ మాట్లాడలేదు. వాట్సాప్‌లో నేను రాసిన తలాంతు మాట తీసేశాను. తీసేసినందుకు నాకూ సిగ్గేసింది. తప్పు అతను ఒక్కడిదే అయినట్టు చేతులు కడుక్కున్నట్టు అనిపించింది.

డెక్లన్ దగ్గరికి అతను ఒక్క పూట కూడా మానకుండా వెళ్ళాడు. ఇద్దరూ పాత స్నేహంలోకి వెళ్ళారని చెప్పలేను. మాటలు వచ్చాయి, నవ్వులూ వచ్చాయి, కొన్ని రోజులు ఏమీ రాలేదు. ఆ తర్వాతి ఏడాది వసంతంలో డెక్లన్ ఆ తుపాకీని ఊరివాళ్ళు నడుపుకునే ఒక చిన్న మ్యూజియానికి ఇచ్చాడు. జీవరత్నమే కారులో తీసుకెళ్ళాడు. అక్కడి ఆవిడ ఇనుము మీద చెక్కి ఉన్న ఫ్రెంచి అక్షరాలు చదివి సంబరపడింది. ఫ్రాన్సులోని సెయింట్ ఎటియెన్‌లో చేసిందని, చక్రవర్తి కాలం ముద్ర ఉందని చెప్పింది. తర్వాత మడమ తిప్పి చూసి ముఖం చిట్లించింది.

"దీన్ని ఎవరో ఈమధ్యే గీకేశారు."

"మా ఇంట్లో పాత సంగతిలే" అన్నాడు డెక్లన్.

"కాదు," అన్నాడు జీవరత్నం. "నేనే గీకాను." మూడు రోజులు ఏయే కాగితంతో ఎంతసేపు రుద్దాడో కూడా చెప్పాడు. ఆవిడ దీపం పక్కకు వంచి, వాలు వెలుతురులో ఎంతో వెతికింది. గుండ్రటి ముద్రలో నెలవంకంత అంచు కనిపించింది. అక్షరాలు ఒక్కటీ లేవు. ఫారంలో ఏం రాయమంటారని అడిగింది. జరిగింది జరిగినట్టు, ఏడుగురి అక్షరాలూ, పోయిన ఎనిమిదోదీ, తన పేరుతో సహా రాయమన్నాడు. పేరు అవసరం లేదని ఆవిడ అంది. పేరు ఉండాల్సిందేనని డెక్లన్ అన్నాడు. "వాడు అడుగుతున్నాడు కదా, రాయండి."

తుపాకీని అద్దాల పెట్టెలో పెట్టాక డెక్లన్ దాని దగ్గరికి వెళ్ళలేదు. అద్దం మీద చెయ్యి పెట్టి ఏం లాభం అన్నాడు. ఆ అక్టోబరులో ఆయన నిద్రలోనే పోయాడు. నోరీన్ ఫోన్ చేసి పిలిస్తే, శవపేటిక మోసినవాళ్ళలో జీవరత్నం ఒకడు.

అతను ఇంతవరకు ఆ మ్యూజియంలో మళ్ళీ అడుగుపెట్టలేదు. పోయిన నెలలో లీలారాణి, కూతురు ఫెబి వెళ్ళి చూసి వచ్చారు. రాత్రి భోజనాల దగ్గర అతను తల ఎత్తకుండా అడిగాడు.

"తుపాకీ పక్కన ఏం రాశారు?"

"అంతా రాశారండీ. ఏడు పేర్లున్నాయి. ఎనిమిదోది పోయిందని, ఎందుకు పోయిందో కూడా ఉంది."

"దే స్పెల్ట్ యువర్ నేమ్ రాంగ్, డాడీ," అంది ఫెబి. "ఒక లెటర్ మిస్సింగ్."

"పోనీలెండి. తప్పుగా ఉండటమే మేలు," అంది లీలారాణి. "ఎవరో అనుకుంటారు."

అతను చెయ్యి కడుక్కుని లేచాడు. మర్నాడు షిఫ్టుకు వెళ్ళేముందు కారులో కూర్చుని మ్యూజియానికి ఫోన్ చేశాడు. అక్కడి ఆవిడ క్షమించమంది, సరిచేస్తానంది. అతను తన పేరు ఒక్కో అక్షరమూ విడగొట్టి, నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాడు.